ఆయన పక్క చోటు

జనవరి 20

ఈ డైరీ పాలాయన ఇచ్చాడు. పాల కంపెనీ వాళ్ళు అతనికి రెండు పంచారట. "డెయిరీ వాళ్ళ డైరీ, వదినా" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. అప్పటి నుంచీ కుట్టుమిషను మీద ఊరికే పడి ఉంది. ఇవాళ ఎవరితోనైనా మాట్లాడాలనిపించింది. మాట్లాడదగ్గ మనిషి కనబడక దీన్ని తెరిచాను.

సిటీ నుంచి కాగితం వచ్చింది. మా ఊరిని సిటీలో కలుపుకుంటారట. విలీనం అని రాశారు. పంచాయతీ సరేనని తీర్మానం చేస్తే జూలై ఒకటి నుంచి మేమూ సిటీ వాళ్ళమే. కాగితం నా చేతికి అందేలోపే సంగతి ఊరంతా పాకింది. మధ్యాహ్నం నుంచి దుకాణం నిండా జనం. ప్యాంటు పొడవు తగ్గించమని ఒకరు, జిప్పు పోయిందని ఇంకొకరు. ఎవరి ప్యాంటూ పొడవు లేదు, ఎవరి జిప్పూ పోలేదు. "ఏమంటావు ప్రెసిడెంటమ్మా?" అని అడగడానికి అదొక సాకు.

ఇంకా ఏమీ అనుకోలేదని అందరికీ చెప్పాను.

అనుకున్నాను.

జనవరి 27

అత్తయ్య ఒక్కతే అడగలేదు. "నువ్వు అనుకున్నదే చేస్తావు. మధ్యలో నన్నడగడం దేనికి" అని గోడవైపు తిరిగి పడుకుంది. నిజానికి నేనూ ఆమెని అడగలేదు.

ఆమెకి ఎనభై దాటాయి. గుండె నీరసం. పొద్దున రెండు మాత్రలు, రాత్రి రెండు. మాకు పిల్లలు లేరు. ఆయన పోయాక ఈ ఇంట్లో మిగిలింది ఒక అత్త, ఒక కోడలు, ఒక కుట్టుమిషను. మూడింటిలో ఎక్కువ మాట్లాడేది మిషనే.

ఫిబ్రవరి 3

తీర్మానం అయిపోయింది. కాళ్ళు లాగుతున్నాయి. రోజంతా కూర్చునే ఉన్నాను, అయినా.

పాలాయన లేచి మాట్లాడాడు. సభ కాబట్టి "ప్రెసిడెంటు గారూ" అని మొదలుపెట్టాడు. సిటీలో గొడ్లని ఉంచనివ్వరని, తన తండ్రి కట్టిన కొట్టం కూలగొట్టాలని, గొడ్లు లేకపోతే తను ఎవరని. ఆ చివరి మాట దగ్గర గొంతు జారి "నేనెవర్ని, వదినా?" అనేశాడు. ఎవరూ నవ్వలేదు.

నేను వంతెన సంగతి చెప్పాను. అందరికీ తెలిసిందే. మళ్ళీ చెప్పాను. ఆరేళ్ళ కింద ఆయన బట్ట కత్తిరిస్తూ కత్తిరిస్తూ బల్ల మీద వాలిపోయారు. సిటీ అంబులెన్సు వంతెన అవతల పెట్రోలు బంకు దగ్గరే ఉంటుంది. ఫోను చేస్తే, "మీ ఊరు మా పరిధిలోకి రాదమ్మా, మీ వైపు బండి బయల్దేరింది" అన్నారు. మా వైపు బండి ఎక్కడి నుంచి బయల్దేరిందో ఇప్పటికీ తెలియదు. పాలాయన తన వ్యానులో క్యాన్ల మధ్య ఆయన్ని పడుకోబెట్టాడు. వంతెన మీదకి వచ్చేసరికి ఆయన చెయ్యి నా చేతిలో బరువెక్కింది. కిటికీలోంచి ఆ అంబులెన్సు కనిపిస్తూనే ఉంది. డ్రైవరు బండికి ఆనుకుని టీ తాగుతున్నాడు.

"ఆ బండి మన కోసం వంతెన దాటాలి. నాకు ఇంకేం అక్కర్లేదు" అన్నాను.

పాలాయన మళ్ళీ లేచాడు. "ఆ రోజు వ్యాను నడిపింది నేను. నాకు చెప్పక్కర్లేదు, వదినా" అన్నాడు. అని, వద్దు అనే వైపు చెయ్యెత్తాడు.

చేతులు చెరి సగం లేచాయి. అలా అయితే ప్రెసిడెంటు మాటే చెల్లుతుంది. నేను కలుద్దామన్నాను.

ఊరి కోసమే అన్నాను. ఆయన కోసం కాదు. ఆయన కోసం ఇప్పుడు చేసేదేముంది?

ఫిబ్రవరి 4

పాలు రాలేదు.

ఫిబ్రవరి 5

పాలు రాలేదు.

ఫిబ్రవరి 13

వంతెన అవతలికి వెళ్ళి పాకెట్ పాలు తెస్తున్నాను. అత్తయ్య ఒక గుక్క తాగి, "ఇది పాలు చూసిన నీళ్ళు" అని గ్లాసు పక్కన పెట్టేసింది.

బేరాలు తగ్గాయి. బడి యూనిఫారాలు కుట్టించుకునే కాలం కాదు కదా, అందుకే. పోయిన ఏడాది ఇదే నెలలో చేతి నిండా పని ఉంది. అది వేరే సంగతి.

మార్చి 16

సిటీ ఆఫీసు నుంచి ఒక అధికారిణి వచ్చింది. చిన్న పిల్ల, ముప్పై కూడా ఉండవు. పటం తెచ్చి నా కత్తిరింపుల బల్ల మీద పరిచింది. ఊరి చుట్టూ ఎర్రగీత. "మీరు చాలా మంచి నిర్ణయం తీసుకున్నారు మేడమ్" అంది. బూట్లు గుమ్మం బయట విప్పి వచ్చింది, నీళ్ళిస్తే గ్లాసు తనే కడిగి పెట్టింది. వంక పెట్టడానికి ఏమీ లేని మనిషి. అదే కష్టం.

డ్రైనేజీ ఎప్పుడు, వీధిదీపాలు ఎప్పుడు అన్నీ చెప్పింది. అంబులెన్సు మొదటి రోజు నుంచే. గొడ్లు జూన్ ఆఖరుకి గీత దాటి పోవాలి. శ్మశానం కూడా అదే రోజు మూసేస్తారు.

నేను సరిగా వినలేదనుకున్నాను. మళ్ళీ అడిగాను.

"ఇళ్ళ మధ్యలో ఉంది కదా మేడమ్. కొత్త ఖననాలు కుదరవు. ఉన్న సమాధుల జోలికి ఎవరూ రారు" అంది. బైపాస్ అవతల సిటీ వాళ్ళ శ్మశానం ఉందని, చెట్లు, బెంచీలు, చాలా బాగుంటుందని చెప్పింది. మా ఆయన సమాధికీ గోడకీ మధ్య కాస్త ఖాళీ ఉందని నేను అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆ పిల్ల అర్థమైనట్టు నావైపు చూసింది.

నాకు అలాంటి పట్టింపులు లేవు. పోయాక ఎక్కడుంటే ఏం?

మార్చి 17

అత్తయ్యకి చెప్పాను. ఊళ్ళో వాళ్ళ నోటి వెంట వినడం కంటే నేను చెప్పడం నయం. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఒకటే అడిగింది.

"ఒకటో తారీకంటే, ఆ రోజు పోయినా కుదరదా? ముందు రోజే పోవాలా?"

ముందు రోజే అన్నాను. సరేలే అన్నట్టు తలూపింది. ఊరికి వెళ్ళే బస్సు టైము కనుక్కున్నట్టు.

ఏప్రిల్ 8

దిండు గలీబు ఉతుకుదామని తీస్తే గలగలలాడింది. లోపల మాత్రలు. గుప్పెడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"మీ అధికారి పిల్ల వచ్చినప్పటి నుంచి."

"చచ్చిపోదామనా?"

"తారీకు లోపల" అంది, నెమ్మదిగా. "నువ్వు నీ మొగుడి కోసం ఊరినే మార్చేశావు. నేను నా కొడుకు కోసం నాలుగు మాత్రలు మానకూడదా?"

ఊరి కోసం చేశానన్నాను. "ఆహా" అంది. ఆ ఒక్క మాటా పొద్దుట్నుంచి చెవిలోనే ఉంది.

ఏప్రిల్ 19

మాత్రలు పొడి చేసి పాలల్లో కలుపుతున్నాను. "నీ పాకెట్ పాలు ఇప్పుడు మందుల షాపు వాసన కూడా వేస్తున్నాయి" అని ఒంపేస్తోంది. అన్నం మాత్రం మునుపటికంటే ఎక్కువే తింటోంది. చావాలనుకున్న మనిషికి రెండోసారి కూర వడ్డించడం ఏమిటో, అలసిపోయాను.

పాదాలు ఉబ్బుతున్నాయి. చెప్పుల పట్టీల గుర్తులు లోతుగా పడుతున్నాయి. కనబడకుండా దుప్పటి కప్పుకుంటోంది. నేను చూడనట్టు ఉంటున్నాను. ఇద్దరం బాగానే నటిస్తున్నాం.

మే 6

సిటీ ఆఫీసుకి వెళ్ళడం ఇది నాలుగోసారో ఐదోసారో. బెంచీ మీద కూర్చుంటే నా పక్కన కూర్చున్నవాళ్ళు మారిపోతూ ఉంటారు, నేను ఉంటాను. ఇవాళ ఆ అధికారిణి తనే నన్ను పెద్దాయన గదిలోకి తీసుకెళ్ళింది. నా తరఫున నాకంటే బాగా మాట్లాడింది.

మొత్తానికి ఒప్పుకున్నారు. పాత సమాధి పక్కన ఖాళీ ఉంటే, ఆ కుటుంబంలో ఒకరికి. ఒక్కరికే. ఎవరికో ఇప్పుడే పేరు రాసివ్వాలి. తర్వాత మార్చరు.

"ఇంటికెళ్ళి ఆలోచించుకుని రండి మేడమ్" అంది ఆ పిల్ల. ఆలోచించడానికి ఏముంది అన్నాను. అత్తయ్య పేరు రాశాను. వాళ్ళ పెన్ను సరిగా పడలేదు, అందుకే కాస్త ఆలస్యమైంది.

నాకు అలాంటి పట్టింపులు లేవు.

మే 7

అత్తయ్యకి చెప్పాను.

"ఒక్కరికేనా?" అంది.

"ఒక్కరికే."

కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. "వాడు నా కడుపున పుట్టినవాడు."

"కాదన్నానా, అత్తయ్యా?"

"అనలేదులే."

అంతే. సాయంత్రం తనే మాత్రల డబ్బా అడిగి తీసుకుని, రెండూ వేసుకుని, నోరు తెరిచి చూపించింది. నేను చూపించమనలేదు.

ఒక మాట అంటుందనుకున్నాను. ఏ మాటో నాకూ తెలియదు. ఆవిడ అనలేదు.

మే 22

ఒక చొక్కాకి రెండు చేతులూ ఒకేవైపువి కుట్టాను. పెళ్ళికి ముందు ఆయన దగ్గర పని నేర్చుకునేటప్పుడు అలా చేశాను. అప్పుడు నవ్వారు. మొత్తం విప్పి మళ్ళీ కుట్టేసరికి పొద్దుపోయింది.

ఆయనతో పద్దెనిమిదేళ్ళు ఉన్నాను. ఆవిడ యాభై ఏళ్ళు ఉంది. లెక్క సరిగ్గానే ఉంది.

జూన్ 30

పాలాయన గొడ్లని తోలుకుపోయాడు. గీత అవతల, రాళ్ళ క్వారీ వెనక, ఎవరిదో చోటు అద్దెకి తీసుకున్నాడట. లారీలో ఎక్కించకుండా నడిపించుకుంటూ పోయాడు. మా వీధి గుండానే పోవాలి. నేను మిషను ఆపి గుమ్మంలో నిలబడ్డాను. లోపలికి వెళ్ళిపోవచ్చు. వెళ్ళడం మర్యాద కాదనిపించింది.

ముసలి గేదె ఒకటి అలవాటు కొద్దీ మా గుమ్మం ముందు ఆగింది. అది కదలదు, అతను అదిలించడు. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

"పెద్దమ్మ ఎలా ఉంది?" అన్నాడు చివరికి, దానితో అన్నట్టు.

బాగానే ఉందన్నాను. గేదె కదిలింది.

జూలై 1

సిటీ అయ్యాం. ఎండ మామూలుగానే వచ్చింది. పంచాయతీ బోర్డు విప్పడానికి వచ్చినవాళ్ళు నిచ్చెన మర్చిపోయి వచ్చారు. మా ఇంటిదే ఇచ్చాను.

అత్తయ్య పొద్దున్నే లేచి, తలదువ్వుకుని, మంచం మీద కూర్చుని ఉంది. "నువ్వింక మాజీవి" అంది. పొద్దుట్నుంచి అదే పిలుపు. మాజీ, మంచినీళ్ళు. మాజీ, కిటికీ వెయ్యి.

జూలై 26

వీధిదీపాలు వచ్చాయి. మా దీపం మాత్రం వెలగడం లేదు. ఫిర్యాదు చేయడానికి ఎవరి దగ్గరికి వెళ్ళాలి అని పక్కింటావిడ నన్నే అడిగింది. నాకు తెలియదన్నాను. ఆవిడకి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. ఫిబ్రవరి తర్వాత ఆవిడ నాతో మాట్లాడడం ఇదే మొదటిసారి.

ఆగస్టు 19

మధ్యాహ్నం అన్నం తింటూ అత్తయ్య ముద్ద నోటి దాకా తెచ్చి ఆపేసింది. పెదాలు నీలంగా అయ్యాయి. ఊపిరి ఈల వేసినట్టు. ఫోను చేసి ఊరి పేరు చెప్పబోయాను. "ఇంటి నంబరు చాలమ్మా" అన్నారు.

ఆమె వీపుకి దిండ్లు పేర్చి, నోరు తుడిచి, నేను చెప్పులు ఎక్కడున్నాయా అని చూసేలోపే సైరను వినిపించింది. గుమ్మం ముందే ఆగింది. ఇద్దరు కుర్రాళ్ళు ఆమెని పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తుకున్నారు. ముక్కుకి గొట్టం పెట్టారు. నేను పక్కన కూర్చున్నాను.

వంతెన ఎక్కాం. అత్తయ్య కళ్ళు తెరిచి ఉన్నాయి. గొట్టం పక్కకి లాగింది.

"ఇంత తొందరగా వస్తుందా ఇది?" అంది.

వస్తుంది అత్తయ్యా, అన్నాను.

ఆమె చెయ్యి నా చేతి కోసం వెతుక్కుంది. ఆయన పోయినప్పుడు కూడా మేమిద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకోలేదు. ఆవిడ ఒక గదిలో ఏడ్చింది, నేను ఒక గదిలో. అంబులెన్సు కుర్రాడు ఇద్దరినీ చూసి, ఆవిడకి భయంగా ఉందనుకుని, "ఏం పర్లేదమ్మా, వచ్చేశాం" అన్నాడు.

ఆగస్టు 21

గండం గడిచిందో లేదో డాక్టరు తేల్చి చెప్పడం లేదు. నర్సు ఏదో కాగితం మీద రాసుకోవడానికి నన్ను చూపించి ఈమె ఎవరని అడిగితే, అత్తయ్య "మా ప్రెసిడెంటు" అంది. మాజీ అనలేదు.

ఆగస్టు 22

ఇవాళ తెలివిగా ఉంది. సగం గ్లాసు పాలు తాగింది, వంక పెట్టకుండా. అది నాకు నచ్చలేదు.

సాయంత్రం వార్డులో దుప్పట్లు మార్చి వెళ్ళాక, "నువ్వెక్కడ?" అంది.

"ఇక్కడే ఉన్నాను, అత్తయ్యా."

"ఇక్కడ కాదు. తర్వాత."

కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "బైపాస్ అవతల. గాలి బాగా వస్తుందట. బెంచీలు కూడా ఉన్నాయి" అన్నాను.

"దూరం" అంది.

ఆగస్టు 24

పొద్దున పోయింది. నేను ముఖం కడుక్కుని వచ్చేలోపు.

ఆగస్టు 25

ఆస్పత్రి నుంచి ఆవిడని తీసుకురావడానికి ఏదైనా బండి మాట్లాడదామని బయటికి వస్తే, గేటు దగ్గర పాలాయన వ్యాను ఉంది. ఎవరు చెప్పారో. లోపల క్యాన్లు లేవు. కడిగి, కొత్త చాప పరిచి ఉంది. వంతెన మీద అతను వ్యాను చాలా నెమ్మదిగా పోనిచ్చాడు.

ఇల్లు చేరాక, అవసరమైన పనులన్నీ అయ్యాక, నన్ను పక్కకి పిలిచాడు. "ఒక మాట చెప్తాను, తప్పుగా అనుకోవద్దు వదినా. పెద్దమ్మని ఆ కొత్త చోటికి తీసుకెళ్దాం. ఇక్కడిది నువ్వు ఉంచుకో. కాగితం మార్పించడం నేను చూసుకుంటాను. ఊళ్ళో ఎవరూ నిన్ను ఒక్క మాట అనరు."

వద్దన్నాను. ఆవిడకి మాట ఇచ్చానన్నాను. పట్టింపులు లేవని కూడా అనబోయాను. నోరు రాలేదు. అతని ముందే ఏడ్చాను. ఉంది కదా, నాకెందుకు ఉండదు? ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం ఆయన సమాధి దగ్గర కూర్చుని పక్కనున్న ఆ కాస్త నేల మీద కలుపు పీకుతున్నది ఎవరి కోసం? అయినా ఆవిడని అక్కడికే తీసుకెళ్దామన్నాను.

శ్మశానానికి వెళ్ళేసరికి ఊరంతా అక్కడ ఉంది. నా దుకాణం గుమ్మం తొక్కనివాళ్ళు కూడా. కాటికాపరి ఇంకా తవ్వుతూనే ఉన్నాడు. గునపం రాతికి తగిలి మోగుతున్న చప్పుడు వీధి మలుపు దాకా వినిపించింది. మా ఊరి నేల అంతే, ఒక కుండీకి సరిపడా మట్టి కావాలన్నా చేతులు బొబ్బలెక్కుతాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే అతని తల కూడా పైకి కనబడటం లేదు. కింద నుంచి రాళ్ళూ మట్టీ తట్టలో వస్తున్నాయి, పైన ఇద్దరు అందుకుంటున్నారు.

ఒక మనిషికి అంత లోతు అక్కర్లేదు. అది ఇద్దరి లోతు.

నేను పాలాయన వైపు చూశాను. అతను అటు తిరిగి నిలబడి, "ఆ రోజుకి ఎవరం ఉంటే వాళ్ళం చూసుకుంటాం, వదినా" అన్నాడు, మెల్లగా.

సిటీ ఆఫీసు నుంచి ఒకతను వచ్చాడు. ఇన్‌స్పెక్టరట. పేరు సరిచూసుకుని, గొయ్యి అంచుకి వచ్చి లోపలికి తొంగిచూశాడు. ఇంత లోతు దేనికని అడిగాడు.

కాటికాపరి కింద నుంచే జవాబిచ్చాడు. ఇక్కడి మట్టి వదులు సార్, పైపైన పెడితే వానలకి కుంగిపోతుంది.

ఆ మాట అంటున్నప్పుడే గునపం మళ్ళీ రాతి మీద ఖంగుమంది. ఎవరూ కదల్లేదు. వదులేనని పాలాయన అన్నాడు. వెనక నుంచి పక్కింటావిడ కూడా అవునంది. ఇన్‌స్పెక్టరు అందరి ముఖాలూ చూసి, చివరికి నావైపు తిరిగాడు.

"మీరు ఇక్కడ ప్రెసిడెంటుగా చేశారట కదా మేడమ్. నిజంగా వదులు మట్టేనా?"

నా పక్కన అత్తయ్య ఉంది, తెల్లబట్ట కింద. అటు ఆయన. నేను గొయ్యిలోకి చూశాను.

"వదులే" అన్నాను.